అమ్మ చేరిన గ్రూపు

నాకు కోపం ఎక్కువని ఈ వీధిలో అందరికీ తెలుసు. ఈ ఇంచన్ పట్నానికి కోడలిగా వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. కుడుముల కొట్టు పెట్టి బియ్యప్పిండి ఆవిర్లో నేనూ ఉడుకుతూనే ఉన్నాను. మామూలప్పుడు పట్నం మాటే మాట్లాడతాను గానీ, ఒళ్ళు మండిందంటే మాత్రం మా నొహ్వా దీవి మాట ఊడిపడుతుంది. ఆ ఏడు మాత్రం నోటికొచ్చిన మాటని నోట్లోనే మింగి బతికాను. నా బతుకులో అంత కష్టమైన పని ఇంకోటి లేదు.

మా చెల్లెలు జొమ్నె మొగుడు పోయాక కూడా దీవి వదలలేదు. సముద్రంలో తాళ్ళు కట్టి నాచు పెంచుతుంది, కోస్తుంది, గులకరాళ్ళ మీద ఆరబెడుతుంది. దానికి ఒక్కతే కూతురు, యొందు. దీవి బడిలో పిల్లలు తగ్గిపోయి బెంచీలన్నీ ఖాళీ అయ్యాక జొమ్నె నాకు ఫోన్ చేసింది. మా దీవి మాటలో అక్కంటే అప్ప.

"అప్పా, గుంటని నీ కాడుంచుకోయే. సదూకుంటాది. నాలాగ నాచు పీక్కుంటా బతకడమేటి దానికి?"

పిల్లల్లేని దాన్ని. చెల్లెలి కూతురు వస్తానంటే వద్దంటానా? వెనకగది ఖాళీ చేసి, పిండి బస్తాలన్నీ మెట్ల కిందకి తోసి, కొత్త పరుపు వేయించాను. మార్చిలో బడి తెరిచేనాటికి యొందు పెట్టె పట్టుకుని వచ్చింది. దాన్ని చూడగానే "ఒలమ్మో, ఇంత పొడుగైపోనావేటే!" అన్నాను. "నువ్వు పొట్టైపోనావు పెద్దమ్మా," అంది. అంత చురుకైన నోరు దానిది. కొట్టంతా నవ్వుతో నిండిపోయింది.

సాయంత్రం బడి నుంచి వస్తూ రోజూ తల్లికి ఫోన్ చేసేది. జొమ్నెకి ఫోన్‌లో మెల్లగా మాట్లాడటం చేతకాదు. పడవ ఇంజను మోతలో మాట్లాడి మాట్లాడి దానికి అదే అలవాటు. పిల్ల ఫోను చెవికి దూరంగా పట్టుకున్నా పక్కవాళ్ళకి ప్రతి మాటా వినిపించాల్సిందే.

ఏప్రిల్లో ఒకనాడు బస్టాపులో అలాగే మాట్లాడింది. జొమ్నె అటు నుంచి అరుస్తోంది: "ఒలే యొందూ! బువ్వ తిన్నావేటి? సంకల్లో సబ్బెట్టి తోముకుంటన్నావా నేదా? ఎదిగే గుంటవి, కంపు కొడతాదే!" పిల్ల నవ్వుతూ, "తోముకుంటన్నానే అమ్మా, అరవకే, ఊరంతా ఇంటంది!" అంది. వెనక దాని క్లాసు పిల్ల మిన్‌సొల్ నిలబడి ఉంది. చేతిలో ఫోనుంది. అదంతా రికార్డు చేసింది.

ఇదేమీ నాకు అప్పుడు తెలియదు. నాకు తెలిసిందల్లా వారం తిరక్కుండా పిల్ల మాట మారిపోవడం. ఒకరోజు అన్నానికి పిలిస్తే, "నాకు ఆకలిగా లేదండీ పెద్దమ్మా," అంది.

"అండీ యేటే అండీ? నానేం నీకు పంతులమ్మనా?" అని వేళాకోళం చేశాను. నవ్వలేదు. పట్నం మాటని అచ్చం టీవీలో వార్తలు చదివే అమ్మాయిలా పలుకుతోంది, ఒక్కో మాటా కడిగి ఆరేసినట్టు. తల్లికి ఫోన్ చేయడం కూడా మానేసింది. జొమ్నె చేస్తే కట్ చేసి, మెసేజు రాసేది.

"గుంట నాతోటి మాటాడ్డం నేదప్పా," అని జొమ్నె నా దగ్గర ఏడుపుగొంతు పెట్టింది. "రాస్తే సదవడానికి నాకెంతసేపు పడతాదో దానికి తెల్దేటి?"

"పరీక్షలే, చదువుకుంటోంది," అని సర్దిచెప్పాను.

కానీ అన్నం దగ్గర దాని ఫోను కుయ్యి కుయ్యిమని ఆగకుండా మోగేది. ఒక్కో మోతకీ పిల్ల భుజాలు ఇంతేసి లేచిపడేవి. ఒక రోజు సూపు గిన్నె ముందు కూర్చుని, చెంచా ముంచింది ముంచినట్టే ఉంచి ఫోను వంక చూస్తోంది. ఇక నాకు ఆగలేదు. లాక్కున్నాను.

గ్రూపు పేరు 'నాచు గది'. అందులో క్లాసు పిల్లలందరూ ఉన్నారు. మా పిల్ల ఫొటోకి పచ్చటి నాచు జుట్టు అతికించారు. మా చెల్లెలి గొంతుకి పాట కట్టి, 'సంకల్లో సబ్బు, సంకల్లో సబ్బు' అని తిప్పి తిప్పి వినిపించే వీడియో చేశారు, పెట్టింది మిన్‌సొల్ అనే పిల్ల. దాని కింద కికికికి, కికికికి అని నవ్వులు. ఎవడో 'ఇది మనుషుల భాషేనా?' అని రాశాడు. ఇంకొకత్తె 'దగ్గరికి రాకండి, చేపకంపు' అని రాసింది. పిల్ల గ్రూపులోంచి బయటికొస్తుంది. మరుక్షణం మళ్ళీ లోపలికి లాగుతారు. మళ్ళీ బయటికొస్తుంది, మళ్ళీ లాగుతారు. ఈ పిల్లలు దీన్ని జైలాట అంటారట. ఆట!

"ఎవత్తే ఈ మిన్‌సొల్? దాని జుట్టు పీకి సేతిలో ఎట్టేస్తాను! పద బడికి!" అని లేచాను. చేతిలో కుడుములు కోసే కత్తి కూడా ఉందని తర్వాత చూసుకున్నాను.

పిల్ల నా నడుం పట్టేసుకుంది. నాలుగు వారాలుగా దాచిన ఏడుపంతా ఒక్కసారి వచ్చేసింది. ఏడుపులో మాత్రం దీవి మాట మళ్ళీ వచ్చింది. "పెద్దమ్మా, నీ కాళ్ళట్టుకుంటాను. బడికెల్తే ఎల్లు. అమ్మకి మాత్రం సెప్పకు. ఆ వీడియోలో ఉన్నది నాను కాదు, అమ్మ. నన్నేటన్నా అననీ. అమ్మ ఇన్నాదంటే మల్లీ నోరెత్తి మాటాడదు."

కత్తి బల్ల మీద పెట్టేశాను. నిజమే. మా జొమ్నె సంగతి నాకు తెలుసు. పైకి అరుపులే గానీ లోపల వట్టి పిరికిది. చిన్నప్పుడు పాట పాడుతుంటే ఎవరో నవ్వారని ఆ తర్వాత పెళ్ళిళ్ళలో కూడా పాడలేదు. చెప్పనని పిల్లకి మాటిచ్చాను.

మర్నాడు బడికి వెళ్ళాను. క్లాసు టీచరు కుర్రవాడు, చూడ్డానికి మెత్తటివాడే. వీడియో చూపిస్తే చెవులు ఎర్రబడ్డాయి. "చాలా తప్పేనండీ," అన్నాడు. "కానీ ఇలాంటివి విచారించే బడి కమిటీకి పంపామంటే రెండువైపులా తల్లిదండ్రుల్ని పిలవాలి. అవతలివాళ్ళు లాయర్లని తెస్తారు. అమ్మాయి వాళ్ళమ్మగారు సంతకం పెట్టాలి మరి, మీరు పెడితే చెల్లదు."

"వాళ్ళమ్మకి తెలియకూడదు."

"అయితే నేనే పిల్లల్ని మందలిస్తాను. పిల్లలు కదండీ, చెబితే వింటారు."

విన్నారు. వినకేం! ఎవరు ఫిర్యాదు చేశారో కూడా విన్నారు.

ఆ వారమే మిన్‌సొల్ వాళ్ళమ్మతో మా కొట్టుకి వచ్చింది. ఆ పిల్లని నేను చూడటం అదే మొదలు. తెల్లగా, చక్కగా, రెండు చేతులూ ముందుకి పెట్టి నడుం వంచి నమస్కారం చేసింది. "బాగున్నారా అండీ? మీ నల్లనువ్వుల కుడుములు మా నానమ్మకి చాలా ఇష్టమండీ. నేను యొందు క్లాస్‌మేట్‌ని." తల్లి పొంగిపోతూ చూస్తోంది కూతుర్ని. మేకవన్నె పులి అంటారే, అదే. వాళ్ళమ్మకి అక్కడే మొత్తం విప్పి చెప్పేద్దామనిపించింది. చెప్తే అది రేపటికి దీవి దాకా పాకుతుంది. "అయిపోయాయి," అన్నాను. పళ్ళెం నిండా నల్లనువ్వుల కుడుములు పెట్టుకుని అయిపోయాయన్నాను. ఆ పిల్ల పళ్ళెం వంకా నా వంకా చూసి, చిన్నగా నవ్వి, మళ్ళీ నడుం వంచి వెళ్ళిపోయింది.

మర్నాడు ట్యూషన్ దగ్గర యొందు చేతిలోంచి ఫోను లాక్కున్నారు. "ఫిర్యాదు చేశావు కదా, మేమూ మీ అమ్మకే చెప్పుకుంటాం," అని మిన్‌సొల్ జొమ్నె నంబరు తన ఫోన్లోకి ఎక్కించుకుని తిరిగిచ్చేసింది. సాయంత్రానికల్లా జొమ్నెని గ్రూపులో చేర్చింది.

గ్రూపు పేరు ముందే మార్చేశారు, 'యొందు స్నేహితులు' అని. పాతవేవీ కొత్తగా చేరినవాళ్ళకి కనిపించవట. జొమ్నెకి కనిపించినవి కూతురు స్నేహితుల పేర్లే, వరసగా. దానికంటే మా చెల్లెలికి ఈ లోకంలో కావలసిందేముంది? చూపుడువేలొక్కటే పెట్టి టైపు చేసి ఉంటుంది, ఎంతసేపు పట్టిందో ఏమో.

'పిల్లలూ, నాను యొందు వాళ్ళమ్మని. మా గుంటతోటి స్నేహంగుంటన్నందుకు శానా సంతోషం. దానికి పట్నం కొత్త. మీరుండారు గాబట్టి నాకు బెంగ నేదు. ఎండలు ముదిరిపోనాయి. మంచినీల్లు తాగండి. అందరూ బువ్వ తిన్నారా?'

కింద నవ్వులు. కికికికి, కికికికి, తెరంతా.

'అందరూ నవ్వుతన్నారా? సంతోషం. నవ్వుతా ఉండండి,' అని రాసింది మా పిచ్చి చెల్లెలు.

యొందు ఆ ఫోను నా చేతికిచ్చి గోడకి ఆనుకుని కూలబడింది. ఏడుపు కూడా రాలేదు దానికి. నేను జొమ్నెకి ఫోన్ చేయబోతే చెయ్యి పట్టుకుంది.

"ఏమని చెప్తావు? బయటికి రమ్మంటే ఎందుకని అడుగుతుంది కదా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్పకపోతే రోజూ వాళ్ళ నోట్లో పడుతుంది. చెప్తే పిల్ల ఏం జరగకూడదనుకుందో అదే జరుగుతుంది. అయినా ఫోన్ చేశాను. "జొమ్నే, ఆ పిల్లల గ్రూపులో పెద్దదానివి నీకేటి పని? బయటికొచ్చీ," అన్నాను, మామూలుగా అన్నట్టే.

"పోయే అప్పా! ఆలే పిలిసినారు నన్ను. ఇప్పుడెల్లిపోతే గుంట పరువేటవుతాది? మనవాల్లు మరేదా తెల్నోల్లు అనుకోరా?" అంది. దాని గొంతులో ఎంత సంబరమో! సరేనని ఫోను పెట్టేశాను.

రోజూ పొద్దున్నే గ్రూపులో జొమ్నె పలకరింపు. 'పిల్లలూ, లెగిసినారా?' దానికి నవ్వులు. 'అమ్మగారూ, రాస్తే సరిపోదండీ, మీ గొంతు వినాలనుంది మాకు,' అని మిన్‌సొల్ ఎంతో వినయంగా రాసింది. జొమ్నె గొంతు రికార్డు చేసి పంపింది. అలలు ఎలా ఉన్నాయో, ఆ రోజు ఎన్ని తాళ్ళ నాచు కోసిందో అంతా చెప్పింది. దాంతో ఇంకో పాట తయారైంది. అది వేరే గ్రూపులో తిరిగింది, పక్క క్లాసులకీ పాకింది. బడిలో యొందు నడుస్తుంటే వెనక నుంచి దాని తల్లి గొంతుతో కూసేవాళ్ళట. అన్నీ వింటూ పిల్ల తలొంచుకుని నడిచింది. ఇంటికొచ్చి, తల్లికి 'మా స్నేహితులు నిన్ను చాలా మెచ్చుకుంటున్నారు' అని రాసింది. నా కళ్ళముందే రాసింది. పధ్నాలుగేళ్ళ పిల్ల తల్లిని కాపలా కాస్తుంటే, పెద్దదాన్ని, నేను పిండి పిసుకుతూ కూర్చున్నాను.

జూన్‌లో కొత్త నాచు ఆరింది. మా దీవిలో తొలి కోత నాచు తినేవాళ్ళకి కాదు, ఇచ్చుకునేవాళ్ళకి. బియ్యపుకొట్టు ముసలాయనకి, మంత్రసానికి, పిల్లల పంతులికి ఇచ్చాకే అమ్మకానికి పోతుంది. మంచి ఆకులు ఏరి, కత్తిరించి, వరిగడ్డి తాడుతో కట్టి, జొమ్నె క్లాసులో ఒక్కొక్కరికీ ఒక్కో కట్ట కట్టింది. గ్రూపులో పేర్లు చూసి ఒక్కోదాని మీదా పేరు రాసింది. పెట్టెలో పెట్టి నేరుగా బడికి పంపింది. నాకు చెప్పలేదు. చెప్తే 'ఎందుకే అంత కష్టం' అంటానని.

పెట్టె వచ్చిన రోజు టీచరు పాపం మంచిగానే అనుకున్నాడు. "యొందు వాళ్ళమ్మగారు పంపారు, అందరూ థాంక్స్ చెప్పండి," అని పంచిపెట్టి, స్టాఫ్‌రూముకి వెళ్ళిపోయాడు.

పొద్దున్న బడిలో తీసి ఉంచిన ఫోన్లు సాయంత్రం తిరిగిచ్చాక బడి వెనక ఏం జరిగిందో నేను వీడియోలోనే చూశాను. ఆ తాళ్ళన్నీ విప్పి నాచుని కుళాయి కింద తడిపారు. తడిస్తే అది జిగురుగా జారుతుంది, బారెడు పొడుగవుతుంది. మా పిల్లని గోడకి నిలబెట్టి మెడ చుట్టూ చుట్టారు. తల మీద కప్పారు. ఒకడు నోటికి అడ్డంగా కట్టాడు. మిన్‌సొల్ గొంతు వినిపిస్తోంది: "అమ్మగారూ, మీ నాచు ఎంత బాగుందో చూడండి!" పిల్ల కదల్లేదు. ఒక్కసారి మాత్రం నోటి మీది నాచు కిందకి లాక్కుని, "అమ్మకి పంపకండి, ప్లీజ్, నన్నేమైనా చేయండి, పంపకండి," అంది. ఆ మాట కూడా ఉంది వీడియోలో.

పంపారు.

యొందు ఇంటికొచ్చి, తడిబట్టలతోనే వెనకగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. ఎంత పిలిచినా పలకలేదు. మర్నాడు మధ్యాహ్నానికి జొమ్నె దిగింది. నాచు ఆరబెట్టేటప్పుడు వేసుకునే రబ్బరు బూట్లు, నడుముకి పని గుడ్డ అలాగే ఉన్నాయి. పడవెక్కి, రెండు బస్సులు మారి వచ్చింది. కొట్టు గుమ్మంలో నిలబడి నా మొహం చూసి, "నీకు తెలుసా అప్పా?" అంది.

తలూపాను.

"గులకరాల్ల మీద నాచు తిరగేస్తన్నాను. ఫోను మోగింది. పిల్లలు నా నాచు తిన్నారు గావాలని సూసినాను. ముందు నాకు తెల్నేదప్పా. ఏటో ఆటాడుకుంటన్నారనుకున్నాను. నాను కూడా నవ్వినాను." అక్కడ ఆగింది. "నవ్వినానే అప్పా, సూసి. తరవాత గుంట మాట ఇనబడింది."

మిగతాదంతా నేనే చెప్పాను. బస్టాపు, సబ్బు పాట, జైలాట, అన్నీ. చెప్తుంటే అది ఏడవలేదు. ఒక్కటే అడిగింది. "అయితే, గుంట నాతోటి మాటాడ్డం మానీసింది నా మాటకి సిగ్గుపడి కాదు?"

"నిన్ను దాచడానికే, పిచ్చిదానా."

అది వెళ్ళి వెనకగది తలుపు ముందు నేల మీద కూర్చుంది. పిలవలేదు. తలుపు మీద చెయ్యి వేసి అలాగే కూర్చుంది. లోపల ఫోను కుయ్యిమంటోంది. దీని చేతిలోనూ ఫోను కుయ్యిమంటోంది. నాకు తిక్కరేగింది. "ఇంకా అందులో ఉన్నావేటే? ఇలా తే, నానే తీసీస్తాను ఆ దిక్కుమాలిన గ్రూపు!" అని లాక్కోబోయాను.

ఇవ్వలేదు. ఫోనుని గుండెలకి అదుముకుని, "వొద్దప్పా," అంది. "దాన్ని ఆల్లు బయటికి రానివ్వట్నేదు గదా. నానొచ్చీస్తే గుంట ఒక్కత్తే ఉంటాది నోపల."

నేను కొట్టులోకి వెళ్ళిపోయాను. ఆవిరి పాత్రల దగ్గర నిలబడితే కళ్ళెందుకు తడిశాయని ఎవరూ అడగరు.

ఈసారి జొమ్నె సంతకం పెట్టింది. బడిలో కమిటీ కూర్చుంది. ఆ పొద్దున పిల్లలందరూ తేలు కుట్టిన దొంగల్లా ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు గ్రూపులోంచి జారుకున్నారు. సాక్ష్యం ఉండకూడదని ఎవరి లాయరో చెప్పాడట. నా ఫోనులో అన్నీ ఎక్కించే ఉంచాను, వాళ్ళ పాచిక పారలేదు. మిన్‌సొల్‌ని ఇంకో బడికి మార్చారు. మిగతా పిల్లలు క్షమాపణలు రాశారు. మిన్‌సొల్ తల్లి దోసపండ్ల పెట్టె పట్టుకుని వచ్చి, కొట్టు గచ్చు మీద మోకాళ్ళ మీద కూర్చుంది. పక్కనే కూతురు. "క్షమించండమ్మగారూ," అంది ఆ పిల్ల, నల్లనువ్వుల కుడుములు అడిగిన గొంతుతోనే.

జొమ్నె ఆ పిల్లని లేవదీసింది. ఏదో చెప్పబోయి నోరు తెరిచి, ఆ పిల్ల కళ్ళల్లోకి చూసి, మూసేసుకుంది. ఆ కళ్ళు మళ్ళీ నవ్వుకోడానికి తన మాట కోసమే చూస్తున్నాయని దానికి అనిపించిందట. తలూపి లోపలికి వెళ్ళిపోయింది. పెట్టె నేను వీధిలో పెట్టేశాను. తిట్టడానికి మాత్రం నాకు తోచలేదు, ఏం చెప్పను.

ఇక అయిపోయింది కదా అనుకున్నాం. గ్రూపులో మిగిలింది తల్లీ కూతురూ, ఇద్దరే. యొందు గది తలుపు తీసింది, అన్నం తింది, పట్నం రెండో కొసన వేరే బడికి వెళ్ళడానికి ఒప్పుకుంది. జొమ్నె తాళ్ళన్నీ పక్క పడవవాళ్ళకి అప్పజెప్పి నా కొట్లో పనికి చేరింది. మొదటి రోజు పిల్ల బడి నుంచి రాగానే సంబరం పట్టలేక వంటింట్లోంచి అరిచింది. "ఒలే యొందూ! వొచ్చీసినావేటి? రా, రా, బువ్వ తిందువు గాని!"

పిల్ల గుమ్మంలోనే ఆగిపోయి రెండు చెవులూ మూసుకుంది. చేతిసంచీ జారి కిందపడింది. జొమ్నె చేతిలో గరిటె చేతిలోనే ఉంది. యొందు గదిలోకి పరిగెత్తింది. కాసేపటికి జొమ్నె ఫోను మోగింది. ఆ గ్రూపులోనే మెసేజు.

'అమ్మా, నీ తప్పు కాదు. నీ గొంతు వింటే వెనకాలే వాళ్ళ నవ్వు వినబడుతోంది. ఏం చేయను? మాట్లాడకు. రాయి.'

జొమ్నె అది వేలు పెట్టి మెల్లగా చదువుకుంది. 'అలాగే' అని రాసింది.

ఆగస్టు చివరి దాకా, వేసవంతా మా ఇంట్లో తల్లీ కూతురూ గోడకి అటూ ఇటూ కూర్చుని రాసుకున్నారు. మధ్యలో నేను ఒక్కదాన్నే మాట్లాడేదాన్ని, పిచ్చిదానిలా. కొన్నాళ్ళకి గమనించాను, పిండి జల్లిస్తూ మా చెల్లెలు పెదాలు కదుపుతోంది. టీవీలో వార్తలు చదివే ఆవిడ ఒక్క మాట అంటే ఇది ఒక్క మాట. "ఈ రోజు. వాతావరణం. పొడిగా. ఉంటుంది." 'లేదు' అనడానికి నాలుక మడతపెట్టి మడతపెట్టి నేర్చుకుంది. ఆకులు రాలే వేళకి కొట్టుకొచ్చినవాళ్ళతో, "ఇవి తాజావండీ, ఇప్పుడే దించాను. ఇంకేమైనా కావాలాండీ?" అనేది. మీ ఊరెక్కడని ఒకామె అడిగితే, "ఇక్కడేనండీ," అంది. రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంటు విన్నట్టుంది, నా తోడబుట్టిన దాని నోట్లోంచి.

"ఇప్పుడు బాగానే ఉందా అక్కా?" అని నన్ను అడిగింది. అప్పా అనలేదు.

పిల్ల ఆ మాటకి చెవులు మూసుకోలేదు. "వచ్చావా యొందూ? భోజనం వడ్డించనా?" అంటే, "వడ్డించండమ్మా," అనేది. ఇద్దరూ అంత మర్యాదగా ఉండేవాళ్ళు. కొత్తగా దిగిన అద్దెవాళ్ళు కూడా అలా మాట్లాడుకోరు.

నవంబరు చివర్లో చలికాలానికి కిమ్‌చి ఊరగాయ వేశాం. ఉప్పులో నానిన క్యాబేజీలు గుట్టగా పోసుకుని, కారం ముద్ద తొట్టి చుట్టూ ముగ్గురం కూర్చున్నాం, కొట్టు వెనక వంటింట్లో. యొందు ధ్యాస ఎక్కడుందో, ఆకుల మధ్య గుప్పెళ్ళకి గుప్పెళ్ళు కారం కూరేస్తోంది. పాత జొమ్నె అయితే ఈపాటికి పైకప్పు ఎగిరిపోయేది.

"యొందూ, కారం కొంచెం తగ్గించవచ్చేమో చూడమ్మా," అంది మా చెల్లెలు.

పిల్ల చేతులు ఆగిపోయాయి. మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. తల్లి వంక చాలాసేపు చూసింది.

"అమ్మా, తిట్టవే," అంది.

"ఏమిటమ్మా?"

"ఎప్పట్లాగ తిట్టు. మన మాటలో తిట్టు. ఇంటాను. ఈపాలి సెవులు మూసుకోను."

తిట్టవే, తిట్టవే, ఊరంతా అదిరిపోయేలా తిట్టవే అని లోపల్లోపల వెయ్యి దేవుళ్ళకి మొక్కుకున్నాను. జొమ్నె నోరు తెరిచింది. కళ్ళనిండా నీళ్ళు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండి, మెడ తిప్పి కొట్లోకి చూసింది. అక్కడ కాలేజీ కుర్రాడొకడు కుడుముల కోసం నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. పాపం, వాడి గోల వాడిది. జొమ్నె వాడి చేతిలో ఫోను వంకే చూసింది.

లేచింది. చేతులు పని గుడ్డకి తుడుచుకుని, కొట్టుకీ వంటింటికీ మధ్య తలుపు వేసింది. గడియ పెట్టింది. కిటికీ కూడా వేసింది. తర్వాత వచ్చి కూతురి పక్కన కూర్చుని, దాని చెవి దగ్గర నోరు పెట్టి, చెయ్యి అడ్డం పెట్టుకుని తిట్టింది. పిల్ల తల వంచుకుని వింటోంది. కళ్ళనీళ్ళు తొట్టిలో పడుతున్నాయి. చేతికందే దూరంలో కూర్చున్న నాకు కూడా ఆ మాటలు వినబడలేదు.